పీ91 స్టీలు రివ్యూ: రియాక్టర్ల కోసం పుట్టిన 9 క్రోమ్‌ని కొనే ముందు, అతికే ముందు

దామరచర్ల మండలం వీర్లపాలెంలో యాదాద్రి థర్మల్ కేంద్రం లేచిన దగ్గర్నుంచి మిర్యాలగూడ చుట్టుపక్కల వెల్డింగ్ పనివాళ్ళ మాటల్లో "నైంటీవన్" అనే ముక్క తరచుగా దొర్లుతోంది. అక్కడ 800 మెగావాట్ల యూనిట్లు అయిదు. సూపర్‌క్రిటికల్ బాయిలర్ అన్నాక, ఆవిరి బాగా వేడెక్కే చోట పీ91 పైపో టీ91 ట్యూబో ఉండక తప్పదు. నైంటీవన్ మీద చెయ్యి తిరిగిన వెల్డరుకి రేటే వేరు.

ఈ స్టీలు పుట్టింది మాత్రం బొగ్గు బాయిలర్ కోసం కాదు. 1970లలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల, సోడియంతో చల్లబడే బ్రీడర్ (వాడినదానికన్నా ఎక్కువ ఇంధనం పుట్టించే) రియాక్టర్లను మనసులో పెట్టుకుని దీన్ని తీర్చిదిద్దింది. ట్యూబుగా 1983లో, పైపుగా 1984లో ఏఎస్‌టీఎం అనే అమెరికా సంస్థ ప్రమాణాల్లోకి ఎక్కింది. క్లించ్ రివర్‌లో కట్టాలనుకున్న వాళ్ళ బ్రీడర్ అదే 1983లో ఆగిపోయింది. రియాక్టరు రాలేదు, స్టీలు మాత్రం ప్రపంచమంతటా థర్మల్ కేంద్రాల్లోకి పాకింది. మన దేశంలో అది మళ్ళీ అసలు పనికి చేరింది. కల్పాక్కంలోని 500 మెగావాట్ల ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరులో స్టీమ్ జనరేటర్లు ఈ రకం స్టీలువే.

ఫ్యాబ్రికేషన్ షాపులోకి ఈ సరుకు తెప్పించుకునే వాళ్ళని, దీని మీద క్వాలిఫై కావాలనుకునే వెల్డర్లని, అణు రంగం వైపు చూస్తున్న ఇంజినీరింగ్ పిల్లలని దృష్టిలో పెట్టుకుని ఈ రివ్యూ రాస్తున్నాం. మా తీర్పు ముందే చెప్పేస్తాం: సరుకు మంచిది. కానీ దీని గుణం సగమే రసాయనంలో ఉంది, మిగతా సగం దానికి పట్టించిన వేడిలో ఉంది. ఆ రెండో సగాన్ని కొన్న తర్వాత కూడా ఎప్పుడైనా పోగొట్టుకోవచ్చు. మామూలు స్టీలుకి ఆ భయం ఇంతగా లేదు.

లోపల ఏముంది

క్రోమియం 8 నుంచి 9.5 శాతం, మాలిబ్డినం 0.85 నుంచి 1.05, కార్బన్ 0.08 నుంచి 0.12. ఇంతవరకూ పాత టీ9 స్టీలు లాంటిదే. తేడా తెచ్చేవి చిటికెడు దినుసులు: వెనేడియం 0.18 నుంచి 0.25, నయోబియం 0.06 నుంచి 0.10, నైట్రోజన్ 0.03 నుంచి 0.07 శాతం. ఈ మూడూ కలిసి నానోమీటర్ల కొలతలో గట్టి కణాలుగా తేలతాయి. రాతి గోడ సందుల్లో మేస్త్రి చిప్పరాళ్ళు కొట్టి బిగిస్తే పెద్ద రాయి కదలనట్టే, ఎర్రటి వేడిలో ఏళ్ళ తరబడి బరువు మోస్తున్నా ఈ కణాలు లోహాన్ని సాగనివ్వవు.

ఆ కణాలు సరైన చోట, సరైన సైజులో తేలాలంటే రెండు మెట్ల వేడి కావాలి. ముందు 1040 నుంచి 1080 డిగ్రీల సెల్సియస్‌కి ఎక్కించి గాలిలో చల్లార్చాలి. అప్పుడు మార్టెన్‌సైట్ అనే గట్టి, పెళుసు నిర్మాణం వస్తుంది. తర్వాత 730 నుంచి 800 డిగ్రీల దగ్గర టెంపర్ చేస్తే పెళుసుతనం పోయి, సన్నని పలకల్లాంటి నిర్మాణం, వాటి అంచుల్లో క్రోమియం కార్బైడులు, పలకల లోపల పైన చెప్పిన చిన్న కణాలు మిగులుతాయి. ప్రమాణం ప్రకారం కనీస యీల్డ్ బలం (శాశ్వతంగా సాగడం మొదలయ్యే చోటు) 415, టెన్సైల్ బలం (తెగే ముందు మోసే గరిష్ఠం) 585 మెగాపాస్కల్స్.

మిర్యాలగూడ రైస్ మిల్లు బాయిలర్‌తో పోల్చి చూడండి. అక్కడి ట్యూబు సాదా కార్బన్ స్టీలు. భారత బాయిలర్ నిబంధనల (ఐబీఆర్) కాగితాల సంగతి పక్కన పెడితే, ట్యూబు కారితే కోసి, కొత్త ముక్క అతికి, తెల్లారేసరికి స్టీమ్ ఎత్తుకోవడం పనిగా పెద్ద కష్టం కాదు. సన్న ట్యూబుకి ప్రీహీట్ అక్కర్లేదు, స్ట్రెస్ రిలీవింగ్ (అతికాక మళ్ళీ వేడి పట్టించడం) అక్కర్లేదు. అదే చేతి అలవాటుతో పీ91ని ముట్టుకుంటే అతుకు చూడ్డానికి బాగానే ఉంటుంది, ఎక్స్‌రేలో కూడా పాసవుతుంది, లోపల మాత్రం గాజు ముక్కలా ఉంటుంది.

కొనేటప్పుడు

స్టీలు మిల్లు ఇచ్చే సర్టిఫికెట్‌లో జనం క్రోమియం, మాలిబ్డినం చూసి మూసేస్తారు. చూడాల్సింది అల్యూమినియం గడి. ఇప్పటి ప్రమాణంలో 0.02 శాతం మించకూడదు. పాత ప్రమాణం 0.04 దాకా ఒప్పుకునేది కాబట్టి పాత స్టాకులో ఎక్కువ ఉండొచ్చు. ఎందుకింత పట్టింపంటే, కొలిమిలో ఆక్సిజన్ తీయడానికి వేసే అల్యూమినియం మిగిలిపోతే నైట్రోజన్‌ని లాగేసుకుంటుంది. వెనేడియంకీ నయోబియంకీ దక్కాల్సిన నైట్రోజన్ అటు పోతే చిప్పరాళ్ళు లేని గోడ అవుతుంది. నైట్రోజన్‌ని అల్యూమినియంతో భాగిస్తే కనీసం 4 రావాలన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. సర్టిఫికెట్‌లో రెండూ ఉంటాయి, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటుంది, అర నిమిషం పని.

అదే కాగితంలో నార్మలైజింగ్ (మొదటి మెట్టు), టెంపరింగ్ (రెండో మెట్టు) ఉష్ణోగ్రతలు అంకెలతో రాసి ఉన్నాయో లేదో చూడండి. "ఎన్ ప్లస్ టీ చేశాం" అని ఒక్క ముక్క రాసిన సర్టిఫికెట్‌ని మేమైతే ఒప్పుకోం. పైపు మీది హీట్ నంబరు (ఏ కొలిమి విడతలో కరిగిందో చెప్పేది), కాగితం మీది హీట్ నంబరు ఒకటే కావాలి. ముక్కలు కోసేటప్పుడు ఆ నంబరుని ప్రతి ముక్క మీదికీ మార్చుకోవాలి. లేకపోతే షెడ్డు మూలన పడున్న ముక్క ఏ గ్రేడో ఎవరూ చెప్పలేరు. అయస్కాంతం ఇక్కడ సాయం చెయ్యదు. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుని వేరు చేస్తుంది తప్ప పీ91నీ మామూలు కార్బన్ స్టీలునీ ఒకేలా పట్టుకుంటుంది.

పీఎంఐ గన్ (లోహంలో ఏ దినుసులున్నాయో చూపే పరికరం) చాలా షాపుల్లోకి వచ్చింది, మంచిదే. ఎక్స్‌రే రకం గన్ క్రోమియం, మాలిబ్డినం, వెనేడియం, నయోబియం చూపిస్తుంది కాబట్టి టీ9ని టీ91 అని అంటగడితే దొరికిపోతారు. కార్బన్, నైట్రోజన్ మాత్రం దానికి కనపడవు. ముఖ్యంగా, కొలిమిలో ఏం జరిగిందో దానికి అస్సలు తెలియదు. సరైన రసాయనంతో, తప్పు వేడితో వచ్చిన పైపు గన్ ముందు నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటుంది.

అందుకే హార్డ్‌నెస్ చూడాలి. పైపుకి బ్రినెల్ అనే గట్టిదనపు కొలతలో 190 నుంచి 250 మధ్య ఉండాలి. 190 కంటే తక్కువ వస్తే టెంపరింగ్‌లో ఎక్కువ కాలిందన్నా, చల్లార్చడంలో మార్టెన్‌సైట్ రాకుండా మెత్తటి ఫెరైట్ మిగిలిందన్నా అర్థం. అది గది వేడిలో బాగానే పనిచేస్తుంది, 550 డిగ్రీల దగ్గర అనుకున్న ఆయుష్షు ఇవ్వదు. కొలిచే తీరు కూడా చెప్పుకోవాలి. పైపు పైపొరలో కార్బన్ కాలిపోయి మెత్తబడి ఉంటుంది. పొలుసు మాత్రమే తీసి కొలిస్తే లేని లోపం కనిపిస్తుంది. అర మిల్లీమీటరు దాకా నెమ్మదిగా గ్రైండ్ చేసి, సన్నని ఎమెరీతో నున్నగా చేసి కొలవండి. బంతి ఎగిరే రకం పరికరం సన్న ట్యూబు మీద తప్పు అంకె చూపిస్తుంది, ఎందుకంటే ట్యూబే అదిరిపోతుంది. సన్న ట్యూబుకి అల్ట్రాసోనిక్ ప్రోబ్ రకం నయం.

అతకడం: ఇక్కడే డబ్బులు పోతాయి

కోత దగ్గర మొదలుపెడదాం. గ్యాస్ కటింగ్ చేస్తే ముందు వేడి చేసి కోయాలి, కోసిన అంచుని కనీసం 3 మిల్లీమీటర్లు గ్రైండింగ్‌తో తీసేయాలి. ఆ అంచు గట్టిపడి ఉంటుంది, పగుళ్ళు అక్కడే దాక్కుంటాయి. వీలైతే బ్యాండ్‌సా వాడండి. బెవెల్ అయ్యాక డై పెనెట్రెంట్ (డీపీ) పరీక్ష, అంటే రంగు ద్రవంతో పగుళ్ళు వెతికే పరీక్ష, చెయ్యకుండా ముక్కలు జతచేసే ఫిటప్‌కి పోవద్దు.

ప్రీహీట్ 200 నుంచి 250 డిగ్రీలు. ముక్కలు కదలకుండా తాత్కాలికంగా పెట్టే చిన్న టాక్‌కి కూడా ఇదే నియమం. "టాకే కదా" అని చల్లటి పైపు మీద చుక్క పెట్టడమే షాపుల్లో కనిపించే మొదటి తప్పు. అంతకన్నా చిన్న తప్పు ఎర్త్ చూసుకోవడానికి రాడ్‌ని పైపు మీద గీకడం. ఆ గీత కింద లోహం క్షణంలో వెయ్యి డిగ్రీలు దాటి క్షణంలో చల్లారి గట్టి మచ్చ అవుతుంది. గ్రైండ్ చేసి తీయాలి, డీపీ టెస్ట్ చెయ్యాలి.

రూట్ (అతుకు అడుగు పొర) టిగ్‌తోనే (ఆర్గాన్ కవచంలో టంగ్‌స్టన్ ముల్లుతో చేసే వెల్డింగ్) పోయాలి. వైర్ ఈఆర్90ఎస్-బీ9. పైపు లోపల ఆర్గాన్ నింపకుండా రూట్ పోస్తే 9 శాతం క్రోమియం గాలితో కాలి, వెనక భాగం బొగ్గు పొక్కుల్లా తయారవుతుంది. ఆ పొక్కులు తర్వాత ఆవిరిలో ఊడి టర్బైన్ వైపు పోతాయి. పైపు మధ్యలో రెండు వైపులా నీళ్ళల్లో కరిగే కాగితంతో అడ్డు కట్టి, గాలంతా పోయేదాకా ఆర్గాన్ నింపి, అప్పుడు మొదలుపెట్టాలి. రూట్ అవ్వగానే ఆర్గాన్ కట్టేయడం ఇంకో అలవాటు. రెండు మూడు పాసులు పడి కనీసం 6 మిల్లీమీటర్ల లోహం చేరేదాకా ఈ ఆర్గాన్ నింపడం (పర్జింగ్) నడవాలి.

తర్వాతి పాసులకి ఈ9015-బీ9 రాడ్. వాడే ముందు 300 నుంచి 350 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు కాల్చి, అక్కడి నుంచి చేతి ఓవెన్‌లో వేడిగానే ఉంచాలి. కొనేటప్పుడు రాడ్ సర్టిఫికెట్‌లో నికెల్, మాంగనీస్ కలిపి చూడండి. రెండూ కలిసి 1 శాతం మించకుండా ఉంటే మంచిది. ఇవి పెరిగే కొద్దీ స్టీలు తన నిర్మాణం మార్చుకునే వేడి కిందికి దిగుతుంది, తర్వాత హీట్ ట్రీట్‌మెంట్‌లో మీకు మిగిలే జాగా తగ్గిపోతుంది. పాసుకీ పాసుకీ మధ్య వేడి 300 దాటనివ్వద్దు. పాస్ ముగించేచోట గుంట నింపకుండా ఆర్క్ లాగేస్తే నక్షత్రంలా పగుళ్ళు వస్తాయి.

ఒక్కోసారి ఆర్క్ ఒక పక్కకి ఈడ్చుకుపోతుంది, రూట్ నిలబడదు. వెల్డరుని తిట్టి లాభం లేదు. పీ91 అయస్కాంతాన్ని పట్టే స్టీలు, మాగ్నెట్ క్రేన్‌తో ఎత్తినా, మాగ్నెటిక్ టెస్ట్ చేసినా అయస్కాంతం మిగిలిపోతుంది. వెల్డింగ్ కేబుల్‌నే పైపు చుట్టూ కొన్ని చుట్లు చుట్టి, కరెంటు దిశ మారుస్తూ తగ్గించుకుంటూ పోతే దారిలోకి వస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. అతకడం అయిపోగానే నేరుగా హీట్ ట్రీట్‌మెంట్‌కి ఎక్కించకూడదు. ముందు 100 డిగ్రీల కిందికి, అంటే 80 నుంచి 100 మధ్యకి, నెమ్మదిగా దించి, కనీసం గంట ఆపాలి. 200 దగ్గరే ఆపి మళ్ళీ వేడెక్కిస్తే లోపల కొంత ఆస్టెనైట్ (బాగా వేడి మీద ఉండే నిర్మాణం) మార్టెన్‌సైట్‌గా మారకుండా మిగిలిపోతుంది. హీట్ ట్రీట్‌మెంట్ మొత్తం పూర్తయి చల్లారేటప్పుడు అది టెంపర్ కాని కొత్త మార్టెన్‌సైట్‌గా మారుతుంది. అంటే మీరు చేసిన హీట్ ట్రీట్‌మెంట్ ఆ భాగానికి అందనే లేదు. అలాగని చల్లారాక రోజుల తరబడి వదిలేయకూడదు. ఆ స్థితిలో అతుకు విక్కర్స్ అనే ఇంకో గట్టిదనపు కొలతలో 400 దాటి గట్టిగా ఉంటుంది. మంచు పడో, వాన పడో, తేమ తగిలితే దానంతటదే పగులుతుంది. వానాకాలం సైటులో దాన్ని పొడిగా ఉంచాలి, అదే రోజు కొలిమికి ఎక్కించాలి.

హీట్ ట్రీట్‌మెంట్ 750 నుంచి 770 డిగ్రీల మధ్య. మందంలో మిల్లీమీటరుకి 2.5 నిమిషాల చొప్పున, ఎంత సన్నదైనా కనీసం గంట ఉంచడం మన దగ్గర నడిచే లెక్క. మీ జాబుకి ఆమోదించిన వెల్డింగ్ ప్రొసీజర్‌లో అంతకన్నా ఎక్కువ ఉంటే అదే పాటించండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మందపాటి పైపుకి గంటకి 100 నుంచి 150 డిగ్రీలు దాటకుండా పోవాలి. అడ్డంగా ఉన్న పైపులో పై భాగం, కింది భాగం ఒకే వేడి మీద ఉండవు. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) ఒక్కటే పైన పెడితే పైన 760 చూపిస్తుంది, కింద 720 దగ్గరే ఆగిపోతుంది. పైనా కిందా పక్కలా పెట్టండి.

ఎటు తప్పినా నష్టం ఒకేలా ఉండదు. వేడి చాలకపోతే హార్డ్‌నెస్ 300 పైన ఆగుతుంది, మళ్ళీ చేసుకోవచ్చు. వేడి ఎక్కువై 800 దాటితే కథ వేరు. కొంత లోహం మళ్ళీ ఆస్టెనైట్‌గా మారి చల్లారాక పెళుసవుతుంది, మిగతాది అతిగా టెంపర్ అయి మెత్తబడుతుంది. దానికి మళ్ళీ స్ట్రెస్ రిలీవ్ మందు కాదు. ఆ ముక్క మొత్తాన్ని 1040 పైకి ఎక్కించి మొదటి నుంచి చెయ్యాలి, లేదా కోసి పారేయాలి. సైటులో కుదిరేది రెండోదే. అంతా అయ్యాక వెల్డు మీద 200 నుంచి 280 బ్రినెల్ మధ్య ఉంటే నిశ్చింత.

కరెంటు సంగతి విడిగా చెప్పాలి. జనరేటర్ సిద్ధంగా లేకుండా పీ91 అతుకు మొదలుపెట్టొద్దు. మధ్యలో కరెంటు పోతే వెంటనే సిరామిక్ ఉన్ని దుప్పటి చుట్టి నెమ్మదిగా చల్లారనివ్వాలి, తర్వాత డీపీ చూసి, ప్రీహీట్ ఎక్కించి, అప్పుడు కొనసాగించాలి. టెంపరింగ్ మధ్యలో పోతే అదే తీరుగా మళ్ళీ ఎక్కించి మిగిలిన సమయం పూర్తి చేయాలి. రికార్డర్ చార్టు మీద ఆ గ్యాప్ కనపడాలి. కనపడకుండా అతికించిన చార్టులే తర్వాత కొంపలు ముంచుతాయి.

ఇన్నీ సరిగ్గా చేసినా ఈ స్టీలుకి ఒక పుట్టు లోపం ఉంది. అతుకు పక్కన రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో, వెల్డింగ్ వేడికి సగం మారి సగం మారని సన్నని పట్టీ ఒకటి మిగులుతుంది. ఏళ్ళ తరబడి 550 పైన నడిచాక పగులు అక్కడే వస్తుంది. నాలుగో రకం పగులు అంటారు. కొత్తలో ఏ పరీక్షకీ దొరకదు. వెల్డరు తప్పు కాదు, డిజైనరు చూసుకోవాల్సింది. అతుకుకి బలం తగ్గించి లెక్క కట్టాలి, వంపు బరువు పడేచోట అతుకు పెట్టకూడదు.

రియాక్టరు లోపల దీని స్థానం ఎక్కడ

యురేనియం అనగానే మన జిల్లాల్లో లంబాపూర్, పెద్దగట్టు, అమ్రాబాద్ గుర్తొస్తాయి, 2019 సెప్టెంబరులో నల్లమల తవ్వకాలకి వ్యతిరేకంగా శాసనసభ చేసిన తీర్మానం గుర్తొస్తుంది. అది గనుల గొడవ, ఈ రివ్యూ పరిధి కాదు. ఇక్కడ ప్రశ్న ఒకటే: "రేడియేషన్‌ని తట్టుకునే స్టీలు" అని దీన్ని అమ్మితే నమ్మొచ్చా?

సగం నమ్మొచ్చు. ఫాస్ట్ రియాక్టరులో న్యూట్రాన్లు లోహంలోని అణువులని వాటి చోటు నుంచి తన్నేస్తాయి. సగటున ఒక్కో అణువు ఎన్నిసార్లు తన్నులు తిన్నదో చెప్పే కొలత డీపీఏ. కల్పాక్కం రియాక్టరులో ఇంధనం తన లక్ష్యం చేరేసరికి దాని తొడుగుకి 85 డీపీఏ దాకా అందుతుంది. స్టీలులో ప్రతి అణువూ 80 సార్లకి పైగా చోటు మారిందన్నమాట. చాలా భాగం తిరిగి సర్దుకుంటాయి. సర్దుకోని ఖాళీలు ఒకచోట చేరి సూక్ష్మమైన బొరియలవుతాయి, స్టీలు బరువు పెరగకుండానే ఉబ్బుతుంది. 1967లో స్కాట్లండ్‌లోని డౌన్‌రే రియాక్టరు నుంచి తీసిన స్టెయిన్‌లెస్ స్టీలులో దీన్ని మొదటిసారి చూశారు. 316 లాంటి ఆస్టెనైటిక్ (మామూలు వేడిలోనూ ఆస్టెనైట్‌గానే ఉండే) రకాలు కొంతకాలం ఓపిక పట్టి, ఆ తర్వాత డీపీఏకి దాదాపు ఒక శాతం చొప్పున ఉబ్బుతాయి. ఇంధన కడ్డీల కట్టలని పట్టుకునే షట్కోణపు గొట్టాలు పక్కపక్కన ఇరుకుగా నిలబడే చోట ఇది చిన్న విషయం కాదు. గొట్టాలు ఉబ్బి వంగితే ఒకదాన్ని ఒకటి పట్టేసుకుని బయటికి రావు.

9 క్రోమ్, 12 క్రోమ్ రకాలు ఇక్కడ గెలుస్తాయి. అమెరికాలో హాన్‌ఫోర్డ్ దగ్గరి పరీక్షా రియాక్టరులో ఎచ్‌టీ9 అనే 12 క్రోమ్ గొట్టాలు 150 డీపీఏ దాటినా ఒక శాతం కూడా ఉబ్బలేదు. మార్టెన్‌సైట్ పలకల అంచులు అణువుల ఖాళీలని ఎక్కడికక్కడ మింగేస్తాయి, అవి గుంపు కట్టే అవకాశం తక్కువ.

మిగతా సగం ఎందుకు నమ్మకూడదో ఇప్పుడు చూడండి. 400 డిగ్రీల కింద న్యూట్రాన్లు తగిలితే ఈ రకం స్టీలు గట్టిపడి, పెళుసుదనం మొదలయ్యే ఉష్ణోగ్రత పైకి పోతుంది. 9 క్రోమ్‌లో ఈ జబ్బు 12 క్రోమ్ కంటే తక్కువ, లేకుండా మాత్రం పోదు. మన రియాక్టరులోకి సోడియం వచ్చేదే 397 డిగ్రీల దగ్గర, సరిగ్గా గట్టు మీద. పై వైపు చూస్తే, 600 దాటాక సాగిపోకుండా నిలబడే బలం దీనికి లేదు. ఇంధన తొడుగు మీద వేడి చోట్లు అంతకన్నా పైకి పోతాయి.

కాబట్టి కల్పాక్కంలో పని పంచిన తీరు చూస్తే చాలా నేర్చుకోవచ్చు. తొడుగుకీ షట్కోణపు గొట్టానికీ డీ9 అనే స్టీలు పెట్టారు. 15 క్రోమియం, 15 నికెల్, కొంచెం టైటానియం, పైన 20 శాతం చల్లగా సాగదీసిన బిగువు. తొడుగు బయటి వ్యాసం 6.6 మిల్లీమీటర్లు, మందం 0.45 మాత్రమే. టైటానియం కార్బైడు కణాలు, సాగదీతలో పుట్టిన చిక్కులు ఉబ్బుని వెనక్కి నెడతాయి. దాని తర్వాతి రకం ఐఫాక్-1లో ఫాస్ఫరస్‌ని కావాలని 0.025 నుంచి 0.04 శాతం దాకా ఉంచుతారు. మామూలుగా స్టీలు మనుషులు ఫాస్ఫరస్ పేరు వింటేనే మొహం చిట్లిస్తారు, ఇక్కడ అదే ఉబ్బుకి మందు. రియాక్టరు ప్రధాన తొట్టె (మెయిన్ వెసెల్) 316ఎల్ఎన్: కార్బన్ తగ్గించి అతుకుల దగ్గర తుప్పు పగుళ్ళు రాకుండా చేసి, పోయిన బలాన్ని నైట్రోజన్‌తో పూడ్చారు.

పీ91 కుటుంబానికి దక్కింది స్టీమ్ జనరేటర్. అక్కడికి న్యూట్రాన్లు దాదాపు రావు! రియాక్టరు కోసం పుట్టిన స్టీలుని అక్కడ పెట్టడానికి కారణాలు వేరు. క్లోరైడు నీళ్ళల్లో 316 పగుళ్ళిస్తుంది, ఇది ఇవ్వదు. వేడిని బాగా దాటిస్తుంది. సాగుడు తక్కువ: 23 మీటర్ల ట్యూబు 500 డిగ్రీలు వేడెక్కితే 316 అయితే 20 సెంటీమీటర్లు పెరుగుతుంది, ఇది 14 దగ్గర ఆగుతుంది. అన్నట్టు ఆ ట్యూబులు నిజంగానే 23 మీటర్ల ఏక ముక్కలు, 17.2 మిల్లీమీటర్ల వ్యాసం, 2.3 మందం. ఒక్కో జనరేటరులో 547, జనరేటర్లు 8. కలిపి చూస్తే వంద కిలోమీటర్లు, నల్లగొండ నుంచి హైదరాబాద్ దాకా పరిచినంత. మధ్యలో అతుకు లేకుండా ఇంత పొడుగు ఎందుకంటే, ఒక పక్క సోడియం, ఇంకో పక్క అధిక పీడనంలో నీళ్ళు. సూది బెజ్జం పడ్డా రెండూ కలిసి మండి పక్క ట్యూబుని కోసేస్తాయి. ట్యూబుల చివర్లు పట్టుకునే మందపాటి పలకకి (ట్యూబు షీటుకి) అతికే చోట కూడా ట్యూబు లోపలి నుంచి టిగ్ తల పెట్టి, షీటు మీద ముందే లేపి ఉంచిన చిన్న ముక్కుకి అతుకుతారు. అతుకు మొత్తాన్ని ఎక్స్‌రే తీయడానికి వీలుగా ఉంటుంది.

ఇదే ఇంట్లో మిగతా వాళ్ళు

ఫ్యూజన్ రియాక్టర్ల కోసం మాలిబ్డినం, నయోబియం తీసేసి టంగ్‌స్టన్, టాంటలం పెట్టిన 9 క్రోమ్ ఉంది. నయోబియం న్యూట్రాన్ తగిలి మారితే 20 వేల ఏళ్ళ అర్ధాయుష్షున్న నయోబియం-94 అవుతుంది, తీసేసిన స్టీలు తరాల తరబడి ముట్టుకోలేం. మన దేశపు రకంలో టంగ్‌స్టన్ 1.4 శాతం, టాంటలం 0.06. కల్పాక్కం పరిశోధకులు రూపొందిస్తే హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని (మిశ్ర ధాతు నిగమ్) కరిగించింది. మామూలు వాడకందారుకి దీంతో పని లేదు.

ఆసక్తికరమైనది ఓడీఎస్, అంటే సన్నని ఆక్సైడు చుక్కలు కలిపి బలం పెంచిన స్టీలు. 9 క్రోమ్, 2 టంగ్‌స్టన్ పొడిలో 0.35 శాతం యిట్రియం ఆక్సైడు కలిపి బాల్ మిల్లులో గంటల తరబడి కొడతారు. డబ్బాలో మూసి గాలి లాగేసి, 1100 డిగ్రీల దగ్గర ఎక్స్‌ట్రూడ్ చేసి, తర్వాత మెట్టుమెట్టుగా సన్న ట్యూబుగా లాగుతారు. లోపల 5 నానోమీటర్ల లోపు ఆక్సైడు చుక్కలు. పీ91 చేతులెత్తేసే 650 డిగ్రీల దగ్గర కూడా ఇవి కరగవు, ఎదగవు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన కేంద్రంలో పొడి దగ్గర్నుంచి ఈ పని జరిగింది. లోపం? టిగ్‌తో అతికితే లోహం కరిగి ఆక్సైడు మీదికి తేలిపోతుంది, అతుకు మామూలు స్టీలు అయిపోతుంది. కరిగించకుండా ఒత్తిడితో అతికే పద్ధతులే దిక్కు. పైపెచ్చు ఒక్కో బ్యాచ్ కిలోల్లోనే వస్తుంది.

మార్కులు

వేడి మీద బలానికి 5కి 4.5. ఉబ్బుని తట్టుకోవడానికి 5. చల్లటి చోట న్యూట్రాన్లకి 2. దొరకడానికి 4, టీ91 ట్యూబు, పీ91 పైపు హైదరాబాద్ స్టాకిస్టుల దగ్గర దొరుకుతాయి కాబట్టి. అతకడానికి 1.5, అది కూడా ఓపికున్న వెల్డరు చేతిలో. ఆవిరి 540 లోపే ఉండే పనికి మాత్రం పీ22 (2.25 శాతం క్రోమియం రకం) చాలు, మందం కాస్త పెరిగినా తిప్పలు తగ్గుతాయి. రైస్ మిల్లు బాయిలర్‌కి "గట్టిది కదా" అని ఎవరైనా టీ91 ముక్క అంటగడితే తీసుకోకండి. కార్బన్ స్టీలు ట్యూబుకి దాన్ని అతికితే రెండు వేర్వేరు స్టీళ్ళ అతుకు అవుతుంది. ఆ అతుకుకి ప్రీహీట్, హీట్ ట్రీట్‌మెంట్ రెండూ కావాలి. పీ91కి కావాల్సిన 750 పెడితే పక్కనున్న కార్బన్ స్టీలు పాడవుతుంది, కార్బన్ స్టీలుకి సరిపోయే 620 పెడితే పీ91 వైపు గాజులానే మిగులుతుంది.